ఉప్పుగాలిలో గాజు పోగు: నెల్లూరు తీర పరిశ్రమలకు ఫైబర్ కేబుళ్లు, కనెక్టర్ల ఎంపిక

నెల్లూరు నుంచి తూర్పుగా ముత్తుకూరు దాటి వెళితే కొద్ది కిలోమీటర్లలోనే ఓడరేవు, థర్మల్ కేంద్రాల పొగగొట్టాలు, వంటనూనె శుద్ధి కర్మాగారాలు, వాటి మధ్య రొయ్యల చెరువులు కనిపిస్తాయి. కండలేరు క్రీక్ సముద్రంలో కలిసేచోట కృష్ణపట్నం పోర్టు 2008లో పని మొదలుపెట్టింది. పక్కనే నేలటూరులో జెన్‌కో ఆధ్వర్యంలోని దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ 800 మెగావాట్ల యూనిట్లు మూడు. మొదటి రెండూ 2015లో వాణిజ్య ఉత్పత్తికి వచ్చాయి, మూడోదాన్ని 2022 అక్టోబరు 27న జాతికి అంకితం చేశారు. చుట్టుపక్కల ప్రైవేటు థర్మల్ కేంద్రాలూ ఉన్నాయి. బొగ్గు ఓడల్లో వస్తుంది, యంత్రాలను చల్లబరచడానికి సముద్రపు నీరు వాడతారు. ఈ తీరాన్ని కర్మాగారాలు ఎంచుకోవడానికి కారణమైన సముద్రమే వాటి కేబుళ్లకు మొదటి శత్రువు.

ఇలాంటి కేంద్రాల్లో యంత్రాలు ఒకదానితో ఒకటి క్షణం తీరిక లేకుండా మాట్లాడుకుంటూ ఉండాలి. బెల్టు ఎక్కిన బొగ్గు బంకర్‌లో పడేదాకా దారిలోని మోటార్లు, పుల్‌కార్డ్ స్విచ్‌లు, బెల్ట్ వేయర్లు కంట్రోల్ రూముకు కబురు పంపుతూనే ఉంటాయి. దూరాలేమో కిలోమీటర్లు. రాగి తీగ మీద మామూలు ఈథర్‌నెట్ 100 మీటర్లు దాటదు. పైగా పెద్ద మోటార్లను నడిపే డ్రైవ్‌ల నుంచి పుట్టే విద్యుత్ రొద రాగి తీగలోకి దూరుతుంది. స్విచ్‌యార్డులో ఫాల్ట్ వస్తే అక్కడి భూమి వోల్టేజీయే ఒక్కసారిగా లేస్తుంది. రెండు భవనాలను రాగి తీగ కలిపి ఉంటే ఆ తేడా అంతా దాని వెంట పరుగెత్తి పరికరాలను కాల్చేస్తుంది. పిడుగు సంగతి సరేసరి. గాజుకు ఈ బాధలేవీ లేవు, అది విద్యుత్తును మోయదు.

అందుకే ఇలాంటి చోట్ల పరికరాలను కలిపే వెన్నెముకగా ఫైబర్‌నే వేస్తారు. దాన్ని ఎంచుకునేటప్పుడు చాలామంది అడిగే మొదటి ప్రశ్న "ఎంత వేగం?" అని. ఆఫీసుకు అది సరైన ప్రశ్నే. తీరంలోని కర్మాగారంలో మాత్రం వేగం చివరికి మిగిలే చిన్న విషయం. లోపలి గాజు ఎవరు చేసినా దాదాపు ఒకటే. దాని మీద ఏ తొడుగు వేశారు, దాని కొసన ఏ కనెక్టర్ బిగించారు అన్నదే లింకు పదేళ్లు నిలుస్తుందా, రెండు వానాకాలాల్లో చస్తుందా అన్నది తేలుస్తుంది.

గాజు గురించి ముందుగా రెండు మాటలు. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని చిల్లకూరు, కోట మండలాల తీరంలో సిలికా ఇసుక దండిగా ఉంది. అది గాజు ఫ్యాక్టరీలకు తరలిపోతుంది. ఆ ఇసుకకూ ఫైబర్‌లోని సిలికాకూ రసాయన సూత్రం ఒక్కటే అయినా, ఫైబర్‌ను ఇసుక కరిగించి చేయరు. సిలికాన్ టెట్రాక్లోరైడ్ ఆవిరిని మండించి, పొర మీద పొరగా పేర్చి, ఆ కడ్డీని వేడిచేసి దారంగా లాగుతారు. ఇనుము లాంటి మలినాలు లేశమాత్రం ఉన్నా కాంతి దారిలోనే ఇంకిపోతుంది. మలినాలు తీసేస్తే గాజు పోగు కిలోమీటర్ల దూరం కాంతిని మోయగలదని చార్ల్స్ కావ్ 1966లో వాదించాడు. అందుకు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. 1970లో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రవేత్తలు కిలోమీటరుకు 20 డెసిబెల్ నష్టం దగ్గరికి తెచ్చారు. ఇప్పటి సింగిల్ మోడ్ ఫైబర్‌లో ఆ నష్టం 1310 నానోమీటర్ల కాంతికి 0.35, 1550కి 0.2 డెసిబెల్ దరిదాపుల్లో ఉంటుంది.

సింగిల్ మోడా, మల్టీ మోడా అన్నది రెండో మెట్టు. రెండింటికీ బయటి గాజు మందం 125 మైక్రాన్లే. కాంతి నడిచే కోర్ సింగిల్ మోడ్‌లో 9 మైక్రాన్లు, మల్టీ మోడ్‌లో 50 గానీ 62.5 గానీ. వెడల్పాటి కోర్‌లోకి కాంతిని ఎక్కించడం తేలిక, పరికరమూ చవక. కానీ కాంతి అనేక దారుల్లో నడిచి వెనకాముందుగా చేరుతుంది కాబట్టి దూరం తగ్గిపోతుంది. పాత 62.5 మైక్రాన్ల కేబుల్ మీద 100 మెగాబిట్ల లింకు 2 కిలోమీటర్లు హాయిగా నడిచేది. అదే కేబుల్ మీద 850 నానోమీటర్ల గిగాబిట్ పెడితే 275 మీటర్లు, 10 గిగాబిట్ పెడితే 33 మీటర్లు. కొత్త స్విచ్‌లు కొని పాత కేబుల్‌కే తగిలించినచోట లింకు వెలగకపోవడానికి సాధారణ కారణం ఇదే. మెరుగైన ఓఎం3, ఓఎం4 రకాలు 10 గిగాబిట్‌ను వరుసగా 300, 400 మీటర్లు మోస్తాయి. అది సర్వర్ గదికి చాలు, బొగ్గు యార్డుకు చాలదు.

కేబుల్ ధర మాత్రమే చూస్తే సింగిల్ మోడే చవక. ఒకప్పుడు దాని ట్రాన్సీవర్లు ఖరీదైనవి, ఇప్పుడా తేడా బాగా తగ్గింది. కొత్తగా వేసే ఏ పొడవాటి దారిలోనైనా జీ.652.డి రకం సింగిల్ మోడ్ వేయడమే తెలివైన పని. వంపులు ఎక్కువున్న ప్యానెళ్ల లోపల జీ.657 రకం వాడితే గట్టిగా వంగినా కాంతి కారిపోదు. మల్టీ మోడ్‌కు ఇంకా చోటున్నది రక్షణ రిలేల దగ్గర. సబ్‌స్టేషన్ కంట్రోల్ రూములో రిలేకూ కమ్యూనికేషన్ పరికరానికీ మధ్య 850 నానోమీటర్ల మల్టీ మోడ్ పోర్టులు మామూలే, అక్కడ పోర్టు ఏది అడిగితే కేబుల్ అదే వేయాలి. యంత్రం లోపలి చిన్న దూరాలకు ప్లాస్టిక్ ఫైబర్ కూడా ఉంది. దాని కోర్ దాదాపు ఒక మిల్లీమీటరు, బ్లేడుతో కోసి చేత్తో బిగించేయవచ్చు, 50 మీటర్ల దాకా పనిచేస్తుంది.

ఇక తొడుగు. ఈ తీరంలో అసలు కథ ఇక్కడే.

బయట వేసే కేబుల్ లూజ్ ట్యూబ్ రకమే కావాలి. అందులో గాజు పోగులు జెల్ నింపిన గొట్టాల్లో వదులుగా ఉంటాయి. రోహిణీ కార్తెలో నెల్లూరు ఎండకు పైతొడుగు సాగినా, రాత్రికి కుదించుకున్నా లోపలి గాజు మీద ఒత్తిడి పడదు. తొడుగు నల్లటి హెచ్‌డీపీఈ, అంటే గట్టి రకం పాలిథిలిన్, అయి ఉండాలి. ఆ నలుపు అందానికి కాదు, ప్లాస్టిక్‌లో కలిపిన కార్బన్ మసి ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. గదుల్లో వాడే పసుపు, నారింజ కేబుల్‌ను ఎండలో లాగితే కొన్నేళ్లకే పెళుసై పగులుతుంది. అలాగని నల్ల కేబుల్‌ను నేరుగా కేబుల్ గ్యాలరీలోకి తీసుకుపోవడమూ తప్పే, పాలిథిలిన్ మండుతుంది. భవనంలోకి రాగానే పెట్టెలో ఆపి, అక్కడి నుంచి తక్కువ పొగ వచ్చే, హాలోజన్ లేని కేబుల్‌తో ముందుకు పోవాలి.

నీటి సంగతి వానాకాలంలో తెలుస్తుంది. ఈ జిల్లాకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వస్తాయి, తుపానులూ అప్పుడే. పల్లపు నేలలో డక్టులు, ఛాంబర్లు నిండిపోయి నెలల తరబడి ఉప్పునీటిలోనే ఉంటాయి. కేబుల్‌లో నీటిని అడ్డుకునే జెల్ గానీ, తడి తగలగానే ఉబ్బే నూలు గానీ ఉండాలి. లేకుంటే ఒకచోట పడ్డ గాటు నుంచి నీరు లోపలే పాకుతూ జాయింట్ పెట్టె దాకా పోతుంది. డక్టు మూతులకు ప్లగ్గులు బిగించడం పావుగంట పని. కాంట్రాక్టర్లు ఎగ్గొట్టేది కూడా దాన్నే.

చెరువు కట్టలు, పొలం గట్లు ఉన్నచోట పందికొక్కులు ఉంటాయి. వాటి పళ్లకు హెచ్‌డీపీఈ ఒక లెక్క కాదు. ముడతల స్టీల్ టేపు చుట్టిన ఆర్మర్డ్ కేబుల్ వాటిని ఆపుతుంది. చెదలు ఉన్న నేలలో పైన నైలాన్-12 పొర అడగాలి. అయితే స్టీల్ కవచం ఉన్న కేబుల్‌ను స్విచ్‌యార్డులోకి తీసుకుపోతే ఫైబర్ వేయడానికి చెప్పుకున్న మొదటి కారణమే పోతుంది. గాజు విద్యుత్తును మోయకపోయినా దాని మీది స్టీల్ మోస్తుంది. అక్కడ లోహం అసలే లేని, గాజు నూలు లేదా ఎఫ్ఆర్‌పీ (పోగులతో బలపరిచిన ప్లాస్టిక్) కడ్డీల కవచం ఉన్న కేబుల్ వాడాలి. పందికొక్కును అది స్టీలంత గట్టిగా ఆపదు కాబట్టి, దాన్ని డక్టులోంచే లాగాలి. రెండు రకాలూ కలిసేచోట స్టీల్‌ను కత్తిరించి ఎర్తింగ్ చేయాలి. ఉప్పు నేలలో తొడుగుకు చిన్న గాటు పడినా స్టీల్ టేపు త్వరగా తుప్పుపడుతుందన్నది మరో చిక్కు.

భూమిలో లోతు కూడా ఎంపికలో భాగమే. మన దేశంలో టెలికాం కేబుళ్లకు 165 సెంటీమీటర్ల లోతు కందకం ఆనవాయితీ. కర్మాగారాల ఆవరణలో అంత లోతు ఎవరూ తవ్వరు. దాని ఫలితం జేసీబీ బకెట్‌కు తెలుసు.

నేలలో వద్దనుకుంటే గాలిలో వేయాలి. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ చేసిందదే. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ఆ నెట్‌వర్కు ప్రధానంగా విద్యుత్ స్తంభాల మీదుగా ఏడీఎస్ఎస్ కేబుల్‌తో నడిచింది. లోహం లేకుండా తన బరువును తానే మోసుకునే కేబుల్ అది. పల్లె స్తంభాల మీద దానికి ఇబ్బంది లేదు. కానీ అదే కేబుల్‌ను 132 కేవీ, 220 కేవీ లైన్ల టవర్లకు వేలాడదీస్తే సముద్రగాలి తన పని చూపిస్తుంది. తొడుగు మీద ఉప్పు పేరుకుంటుంది, మంచుకు తడుస్తుంది, ఆ తడి పొరలో కరెంటు పారుతుంది. పొర అక్కడక్కడ ఆరినచోట చిన్న చిన్న నిప్పురవ్వలు పుట్టి తొడుగును కాలుస్తాయి. అందుకే తీరప్రాంతపు హైవోల్టేజ్ లైన్లకు ఈ కాలడాన్ని తట్టుకునే ప్రత్యేకమైన తొడుగు అడగాలి, లేదా ఏడీఎస్ఎస్ ఊసే మానుకుని ఓపీజీడబ్ల్యూకు పోవాలి. టవర్ల కొసన పిడుగుల కోసం కట్టే ఎర్త్‌వైర్ కడుపులోనే ఫైబర్‌ను దాచిన ఏర్పాటు అది. కొత్త 400 కేవీ, 765 కేవీ లైన్లలో మామూలైపోయింది.

పోర్టులో ఇంకో తరహా కష్టం ఉంది. క్రేన్ పట్టాల మీద అటూ ఇటూ నడుస్తుంటే దాని కరెంటు కేబుల్ పెద్ద చక్రానికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంటుంది. ఫైబర్ పోగులు ఆ కరెంటు కేబుల్ మధ్యలోనే ఉంటాయి. స్థిరంగా పడి ఉండేందుకు చేసిన కేబుల్‌ను ఇక్కడ వాడితే కొద్ది కాలంలోనే పోగులు తెగుతాయి. రీలింగ్ కోసమే చేసిన కేబుల్ కావాలి, తిరిగే చక్రం దగ్గర ఫైబర్ రోటరీ జాయింటో, దాని బదులు చుట్టలు వేసే ఏర్పాటో ఉండాలి. దక్షిణాన శ్రీహరికోటలో కష్టం వేరు. రాకెట్ ప్రయోగ వేదికల చుట్టూ పిడుగుల రక్షణ టవర్లు నిలబెట్టారంటే ఆ దీవి మీద మేఘాల సంగతి ఊహించుకోవచ్చు. అలాంటి చోట లోహం లేని కేబుల్ విలువ చెప్పనక్కర్లేదు.

కనెక్టర్ల దగ్గరికి వస్తే అక్షరాలు చాలా, అవసరమయ్యేవి కొన్నే. పాత పరికరాల మీద ఎస్‌టీ ఉంటుంది, తోసి తిప్పితే బిగుసుకుంటుంది. ఎఫ్‌సీకి మర ఉంటుంది. అదిరే చోట్ల ఊడిరాదు గానీ కిక్కిరిసిన ప్యానెల్‌లో వేళ్లు దూరవు. ఎస్‌సీ చతురస్రంగా ఉండి తోస్తే క్లిక్‌మంటుంది. ఈ మూడింటిలోనూ గాజును పట్టుకునే సెరామిక్ ఫెర్రూల్ మందం 2.5 మిల్లీమీటర్లు. ఇప్పటి స్విచ్‌లలో దూర్చే ట్రాన్సీవర్ల, అంటే ఎస్ఎఫ్‌పీ మాడ్యూళ్ల మీద కనిపించే ఎల్‌సీకి ఆ మందం సగం, అంటే 1.25. కొత్త ప్యానెళ్లకు ఎల్‌సీ తీసుకుంటే చాలు. పాత ఎస్‌టీ పరికరాలకు ఒక కొస ఎస్‌టీ, మరో కొస ఎల్‌సీ ఉన్న ప్యాచ్ కార్డులు దొరుకుతాయి.

రంగు మాత్రం తప్పక చూడాలి. నీలం కనెక్టర్ కొస దాదాపు చదునుగా పాలిష్ చేసినది, యూపీసీ. ఆకుపచ్చది 8 డిగ్రీలు ఏటవాలుగా చెక్కినది, ఏపీసీ. వెనక్కి తుళ్లే కాంతిని ఏపీసీ బాగా తగ్గిస్తుంది కాబట్టి ఇళ్లకు వచ్చే ఫైబర్ కనెక్షన్లలో ఆకుపచ్చ ఎస్‌సీ మామూలు. పరిశ్రమల స్విచ్‌లు సాధారణంగా నీలాన్ని అడుగుతాయి. ఊళ్లో కేబుల్ కనెక్షన్లు ఇచ్చే మనిషిని అత్యవసరంగా పిలిస్తే అతని సంచిలో ఉండేది ఆకుపచ్చ కార్డే. అది నీలం అడాప్టర్‌లో చక్కగా దూరుతుంది, లోపల రెండు కొసలూ సరిగా ఆనవు, కాంతి సగానికి సగం పోతుంది, కొసలూ దెబ్బతింటాయి.

అన్నిటికంటే పెద్ద శత్రువు మురికి. 9 మైక్రాన్ల కోర్ ముందు బొగ్గు ధూళి రేణువు ఒక్కటి కూర్చున్నా లింకు కుంటుతుంది. ఉప్పుగాలిలో మూత తీసి పెట్టిన కనెక్టర్ మీద తేమ ఆరి ఉప్పు పొర మిగులుతుంది. కంటికి అది కనిపించదు. ఫైబర్ మైక్రోస్కోప్ పెట్టి చూడాలి, పెన్ను ఆకారపు క్లీనర్‌తో టిక్‌మనిపించాలి, మళ్లీ చూడాలి, అప్పుడే తగిలించాలి. చొక్కా అంచుతో తుడవడం, నోటితో ఊదడం ఈ పనిలో నేరాలు. లింకు పోతే ముందు స్విచ్‌ను అనుమానించేవారే ఎక్కువ. ముందు కొస చూడటం నేర్పితే కొత్త స్విచ్ ఖర్చు చాలాసార్లు తప్పుతుంది.

ప్యానెల్ బయట, ఆరుబయట బిగించే కనెక్టర్లకు ఐపీ67 స్థాయి అడుగుతారు. ధూళి లోపలికి పోదు, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తడవదు అని దాని అర్థం. అయితే ఆ హామీ జత కలిసి ఉన్నప్పుడో, మూత బిగించి ఉన్నప్పుడో మాత్రమే. గొలుసుకు వేలాడే ఆ మూతను తెంపి పారేస్తే ఐపీ67కు పెట్టిన డబ్బు అక్కడే పోయినట్టు. కవచం ఏ లోహమన్నదీ ఐపీ సంఖ్య చెప్పదు. తీరంలో జింకు మిశ్రమం తెల్లగా పొడిరాలుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలో మంచి ప్లాస్టిక్కో మేలు. ఉప్పు పొగమంచు పరీక్ష నివేదికను సరఫరాదారుడి దగ్గర విడిగా అడిగి తీసుకోవాలి. రోజూ పీకి పెట్టాల్సిన చోట, బొగ్గు యార్డులో కదిలే యంత్రాల మీద ఎక్స్‌పాండెడ్ బీమ్ కనెక్టర్లు పనికొస్తాయి. వాటిలో గాజు కొసలు తాకవు, చిన్న కటకం కాంతిని వెడల్పు చేసి అవతలికి పంపుతుంది. వెడల్పాటి కాంతిపుంజానికి రేణువు అంతగా అడ్డుకాదు, గుడ్డతో తుడిచినా చాలు. బదులుగా నష్టం కాస్త ఎక్కువ, ధర బాగా ఎక్కువ.

ఆ నష్టాల లెక్క ముందే కాగితం మీద వేసుకోవాలి. గిగాబిట్ ఎల్ఎక్స్10 ప్రమాణంలో పంపే వైపు కనీస శక్తి మైనస్ 9 డీబీఎం, అందుకునే వైపుకు చాలిన శక్తి మైనస్ 19.5. మధ్యలో ఖర్చు పెట్టుకోవడానికి 10.5 డీబీ ఉంది. ఉదాహరణకు పోర్టు నుంచి ప్లాంటుకు 4 కిలోమీటర్ల దారి అనుకుంటే, కిలోమీటరుకు 0.4 చొప్పున 1.6 పోతుంది. నాలుగు కనెక్టర్ జతలు, ఒక్కోటి 0.5 చొప్పున 2.0. ఆరు స్ప్లైసులు (గాజు కొసలను కలిపిన అతుకులు), ఒక్కోటి 0.1 చొప్పున 0.6. మొత్తం 4.2. ఇంకా 6.3 మిగిలింది, మురికికీ, తెగి అతికే జాయింట్లకూ 3 పక్కన పెట్టినా దిగుల్లేదు. కేబుల్ పొడవు కంటే కనెక్టర్లే ఎక్కువ తిన్నాయన్నది గమనించాలి. ఎందుకైనా మంచిదని 80 కిలోమీటర్ల మాడ్యూల్ తెచ్చి ఈ దారిలో పెడితే ఇంకో తంటా. కాంతి మరీ ఎక్కువై అందుకునే వైపు కళ్లు బైర్లు కమ్ముతాయి, మధ్యలో అటెన్యుయేటర్ పెట్టక తప్పదు. మాడ్యూల్ ఉష్ణోగ్రత శ్రేణి కూడా చూడాలి. మామూలు రకం 70 డిగ్రీల దాకా, పారిశ్రామిక రకం 85 దాకా. మే నెల ఎండలో నిలబడ్డ ఇనుప ప్యానెల్ లోపల మొదటి రకానికి గండం తప్పదు.

స్విచ్‌లను రింగుగా కలిపితే ఒకచోట తెగినా ఇంకోవైపు నుంచి సమాచారం చేరుతుంది. 50 పరికరాల రింగులో ఎంఆర్‌పీ (మీడియా రిడండెన్సీ ప్రోటోకాల్) పద్ధతి 200 మిల్లీసెకన్లలోపే దారి మళ్లిస్తుంది. కానీ రింగు రెండు చేతులూ ఒకే డక్టులో, ఒకే వంతెన మీద పోతే అది కాగితం మీదే రింగు. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు కోవూరు దగ్గర పడుగుపాడు వద్ద జాతీయ రహదారీ తెగింది, రైలు కట్టా కొట్టుకుపోయింది. రోడ్డు పక్కన ఒకటి, రైలు పక్కన ఒకటి వేశాం కదా అనుకున్నవారికి ఆ రెండు దారులూ నీళ్లకు ఒకే దారి అని తెలిసొచ్చే ఘటన అది.

చివరికి అతుకు పని. జాయింట్ దగ్గర చిన్న గుడారం వేస్తారు, సముద్రగాలికి స్ప్లైసింగ్ మిషన్‌లోని ఆర్క్ చెదరకుండా. తొడుగు వలిచి, జెల్‌ను ఆల్కహాల్ తడిపిన టిష్యూతో తుడిచి, పోగును నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ అంటూ వరుసలో వేరుచేస్తారు. క్లీవర్‌లో పెట్టి నిటారుగా విరగ్గొడతారు, ఆ విరుపు సరిగ్గా లేకపోతే మిషన్ ఒప్పుకోదు. తెర మీద రెండు కొసలు దగ్గరికి జరుగుతాయి, ఆర్క్ మెరుస్తుంది, 0.02 అని నష్టం అంచనా పడుతుంది. దాని మీదికి స్లీవ్ జరిపి వేడిలో కుదిస్తారు, ట్రేలో గుండ్రంగా చుట్టి మూత బిగిస్తారు.

ఆ అంచనాను నమ్మి ఊరుకోకుండా కాంతిని పంపి, వెనక్కి తిరిగొచ్చేదాన్ని బట్టి నష్టం, దూరం చెప్పే ఓటీడీఆర్ పరికరంతో రెండు వైపుల నుంచీ కొలవాలి. ఒకవైపు నుంచే కొలిస్తే స్ప్లైసు దగ్గర నష్టానికి బదులు లాభం వచ్చినట్టు కూడా కనిపించవచ్చు. ఆ గ్రాఫ్‌లను దాచిపెట్టాలి, ప్రతి ఛాంబర్‌లో ఎన్ని మీటర్ల లూపు వదిలారో వాటి పక్కనే రాసి ఉంచాలి. రేపు జేసీబీ కేబుల్ తెంపితే ఓటీడీఆర్ చెప్పేది గాజు పొడవు, నేల మీది దూరం కాదు. ట్యూబుల్లో మెలికలు తిరిగిన పోగు, ఛాంబర్లలో చుట్టిన లూపులు అందులోంచి తీసేస్తే గానీ ఎక్కడ తవ్వాలో తెలియదు.